వడ్ల డ్రయర్: కింద నూక, పైన తడి

ప్రశ్న (మిర్యాలగూడ దగ్గర మిల్లు):
ఫ్లాట్‌బెడ్ డ్రయర్‌ల (చిల్లుల రేకు మీద వడ్లు పోసి కింది నుంచి వేడి గాలి తోసేది) సోనా మసూరి వడ్లు 60 సెంటీమీటర్ల మందం పోస్తున్నం. తేమ 22 శాతం. ఊక పొయ్యి గాలి 45 డిగ్రీలు. ఆరు గంటలకు కింది పొర 11కు దిగింది, పైన 20 దగ్గరే ఉంది. గింజకు వేడి అంటుతలేదేమోనని 60 డిగ్రీలు పెడితే మరలో నూక పెరిగింది. ఏం చేయాలె?

జవాబు 1:
వేడి అంటకపోవడం కాదన్నా. గింజ సైజు 3.5 మిల్లీమీటర్లు, గాలి వేగం సెకనుకు 0.2 మీటర్లు అనుకో: రేనాల్డ్స్ సంఖ్య (గాలి పారే తీరు చెప్పేది) 40 దాకా, గింజల కుప్పకు వాడే వకావో సూత్రంతో నసెల్ట్ సంఖ్య (గాలి నుంచి గింజకు వేడి ఎంత బాగ అంటుతదో చెప్పేది) 11. అంటే గింజకు అంటే వేడి చదరపు మీటరుకు, డిగ్రీకి 85 వాట్లు. చిన్నగనే అనిపిస్తది గాని, ఘనమీటరు వడ్లలో గింజల పైతలం దాదాపు 900 చదరపు మీటర్లు! గింజ పైన తడి ఉన్నంతసేపు గాలి ఒకట్రెండు సెంటీమీటర్లలోనే వేడంతా ఇచ్చేస్తది. తర్వాత లోపలి తేమ మెల్లగ వస్తది కాబట్టి ఆరే పట్టీ మందమై పైకి జరుగుతది.

అసలు అడ్డంకి గాలి మోసే నీళ్లు. 30 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిని 45కు వేడిచేస్తే కిలోకు మహా అయితే 7 గ్రాములు మోస్తది. టన్ను వడ్లు 22 నుంచి 14కు రావాలంటే 93 కిలోల నీళ్లు పోవాలె, 13 టన్నుల గాలి కావాలె. 60 డిగ్రీలు పెడితే కింది గింజ పైన ఎండి, లోపల తడి ఉండి పగులుతది. గాలి 43 డిగ్రీలు దాటనియ్యకు.

జవాబు 2:
గాలి ఎంత పోతుందో ముందు చూడు. రేకు కింది గాలి గదికి పారదర్శక పైపు బిగించి, యూ ఆకారంలో వంచి నీళ్లు పొయ్యి. రెండు వైపుల నీళ్ల ఎత్తుల తేడానే గాలి ఒత్తిడి. సెకనుకు 0.2 మీటర్ల వేగానికి ఆ తేడా మీటరు మందానికి దాదాపు 80 మిల్లీమీటర్లు, నీ 60 సెంటీమీటర్లకు 48 దాకా రావాలె. ఈ ఒత్తిడి లెక్కకట్టే ఎర్గన్ సూత్రం గుండ్రటి గింజల లెక్క, వడ్లకు బాగా తక్కువ చూపిస్తది, దాన్ని నమ్మకు. 25 ఉంటే ఫ్యాన్ బెల్టు జారుతుందో, మూలల్లో గాలి దారి చేసుకుందో. పిడికెడు ఊక మూలల్లో చల్లు. కదిలితే గాలి అక్కడే పారిపోతుంది. 70 దాటితే తాలు, దుమ్ము అడ్డం పడ్డట్టే, జల్లెడ పట్టియ్యి.

ప్రశ్న వేసినాయన:
28 మిల్లీమీటర్లు వచ్చింది. ఎడమ మూలన ఊక ఎగురుతుంది. మందం సగం చేస్తే బ్యాచ్ సగమైతది కదా?

జవాబు 1:
బ్యాచ్ సగమే, కాని నిరోధం కూడా సగమైతది కాబట్టి అదే ఫ్యాన్ ఎక్కువ గాలి తోస్తది. సగం కన్నా తక్కువ టైంలోనే ఆరుతది. మూల మూసి, 30 సెంటీమీటర్లు పోసి, రెండు గంటలకోసారి కిందామీదా చెయ్యి. పైన బయటికొచ్చే గాలి 28 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపు పని నడుస్తున్నట్టే. అది 35 దాటి ఎక్కుతుంటే పొయ్యి తగ్గించు.