నెహ్రూ ఇంటి ఉత్తరాలు: ఆ 51 పెట్టెలు ఎక్కడ ఉండాలి?

సత్యనారాయణపురం (విజయవాడ):
ఢిల్లీ తీన్‌మూర్తి భవనంలోని నెహ్రూ స్మారక గ్రంథాలయానికి (2023 నుంచి దాని పేరు ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయం) 1971లో నెహ్రూ పత్రాలు చేరాయి. వాటిలో 51 పెట్టెలను 2008లో సోనియా గాంధీ తరఫున వెనక్కి తీసుకువెళ్లారు. చివరి వైస్రాయి భార్య ఎడ్వినా మౌంట్‌బాటెన్, జయప్రకాశ్ నారాయణ్, ఐన్‌స్టీన్, నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మీ పండిట్, జగ్జీవన్ రామ్ వంటివారితో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు వాటిలో ఉన్నాయని పత్రికలు రాశాయి. ఆ సంస్థ సొసైటీ సభ్యుడైన చరిత్రకారుడు రిజ్వాన్ కాద్రి 2024లో మొదట సోనియా గాంధీకి, తరవాత రాహుల్ గాంధీకి లేఖలు రాసి, అసలు ప్రతులైనా నకళ్లైనా ఇప్పించమని కోరారు. ఇంటి ఉత్తరాలు ఇంటివారివా, దేశానివా? పార్టీల తగవు ఇక్కడికి తేవద్దని మనవి.

కృష్ణలంక (విజయవాడ):
నా ఉద్దేశంలో ఇంటివారివే. మా తాతగారి కార్డు ముక్కలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఊళ్లోవాళ్లెవరో వచ్చి చదువుతామంటే మా అమ్మ ఒప్పుకోదు. పదవి చేపట్టిన మనిషి కూతురికీ చెల్లెలికీ రాసుకున్న మాటలు, ఆ పదవి కారణంగా ప్రజల ఆస్తి అయిపోవు. పైగా ఈ కుటుంబం ఏదీ దాచిపెట్టలేదు. నెహ్రూ, ఇందిర ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలను సోనియా గాంధీయే సంపాదకత్వం వహించి 1989లోనూ 1992లోనూ రెండు సంపుటాలుగా వెలువరించారు.

అరండల్‌పేట (గుంటూరు):
కృష్ణలంక గారూ, మీరు చెప్పిన ఆ రెండు సంపుటాలే మీ వాదానికి ఎదురు నిలుస్తున్నాయి. తండ్రీకూతుళ్ల ఉత్తరాలకంటే ఆంతరంగికమైనవి ఏ ఇంట్లోనైనా ఏముంటాయి? ఈ ఇంట్లో అన్నిటికంటే ముందు అచ్చుకెక్కినవి అవే. 1928 వేసవిలో అలహాబాదు నుంచి ముస్సోరీలో ఉన్న పదేళ్ల ఇందిరకు రాసినవి మరుసటి ఏడాదే పుస్తకమయ్యాయి. 1930 నుంచి 1933 వరకు జైళ్లలో రాసినవి ఆ తరవాత వచ్చాయి. (జైలు నుంచి వెళ్లే ఉత్తరాన్ని ఇంటివారికంటే ముందు జైలు అధికారి చదివేవాడన్నది వేరే సంగతి.) 1958లో, ప్రధానిగా ఉండగానే, నెహ్రూ తనకు వచ్చిన పాత ఉత్తరాలను ఏరి స్వయంగా ప్రచురించారు. ఇప్పుడు అందకుండా ఉన్నవాటిలో జయప్రకాశ్ నారాయణ్, జగ్జీవన్ రామ్ ఉత్తరాలు ఉన్నాయంటున్నారు. వీరెవరూ బంధువులు కారు. రాసుకున్నది పెళ్లిళ్ల గురించీ అయి ఉండదు.

అసలు యాజమాన్యం గురించి వాదించుకోవడం వల్ల మనం ఎక్కడికీ చేరమని నా అభిప్రాయం. ఉత్తరం విషయంలో కాగితం అందుకున్నవారిది, అందులోని మాటలపై కాపీరైట్ రాసినవారిది. అందుచేత ఒకే పెట్టెలో పది కుటుంబాల హక్కులు కలిసి ఉంటాయి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, రచయిత బతికుండగా అచ్చుకాని రచనకు 60 ఏళ్ల గడువు లెక్క ఆయన మరణంతో కాక మొదటి ప్రచురణతో మొదలవుతుంది. అంటే ప్రచురించనంతకాలం ఆ హక్కు తీరనే తీరదు. ఈ ఇబ్బందికి అదే చట్టంలోని 52వ సెక్షన్ ఒక దారి చూపింది: రచయిత మరణించి 60 ఏళ్లు దాటితే, ప్రజలకు ప్రవేశమున్న గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఉన్న అముద్రిత రచనను పరిశోధన కోసం, ప్రచురణ కోసం కూడా, నకలు తీసుకోవచ్చు. నెహ్రూ మరణించింది 1964 మే 27న. ఆ గడువు 2024 మే నెలలో దాటిపోయింది. ఆయన రాసిన ఉత్తరం నకలు తీన్‌మూర్తిలో ఉంటే ఏ పరిశోధక విద్యార్థి అయినా దాన్ని వాడుకోవచ్చు. అదే నకలు ఎవరి ఇంట్లోనో ఉంటే ఈ వెసులుబాటు వర్తించదు. పెట్టె ఉన్న చోటును బట్టి చదివే హక్కు ఉండడమో పోవడమో జరుగుతున్నప్పుడు, ‘ఇంటివారివే’ అంటే సరిపోదు.

గాంధీ విషయంలో జరిగినది చూడండి. ఉత్తరాలు అందుకున్నవారి నుంచి సేకరించి, 1958 నుంచి 1994 వరకు నూరు సంపుటాలు వేశారు. పెదనందిపాడు పన్నుల నిరాకరణ రోజుల్లో ఆయన మన స్వాతంత్ర్య సమరయోధుడు కొండ వెంకటప్పయ్య గారికి ఏమి రాశారో గుంటూరులో కూర్చుని చదవగలుగుతున్నామంటే అందుకే.

కృష్ణలంక (విజయవాడ):
చట్టం సంగతి ఒప్పుకుంటాను. కానీ ఎడ్వినా రాసిన ఉత్తరాల మాటేమిటి? ఆ మాటలు ఆమె వారసులవి. అదీగాక, ఆ సంస్థ ప్రభుత్వ నిర్వహణలో ఉంది. ఏ ప్రభుత్వం ఉంటే దానికి పనికొచ్చే నాలుగు వాక్యాలు సందర్భం లేకుండా టీవీల్లోకి వస్తాయి. మిగిలిన వేల పుటలు ఎవరూ తెరవరు. ఆ భయం అకారణమైనదని మీరు అనగలరా?

అరండల్‌పేట (గుంటూరు):
అనలేను, ఎన్నికల ముందు అలాగే జరుగుతుంది కూడా. అయితే అరకొరగా బయటపడిన ఉత్తరమే అలాంటి వాడకానికి బాగా పనికొస్తుంది. మొత్తం వరస అందుబాటులో ఉంటే ఆ నాలుగు వాక్యాలకు ముందూ వెనకా ఏముందో చూపించడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఎడ్వినా ఉత్తరాల వంటివాటికి, ఫలానా సంవత్సరం వరకు తెరవరాదన్న షరతుతో అప్పగించే పద్ధతి చాలా దేశాల పత్రాగారాల్లో ఉన్నదే. తేదీ రాసి ఇస్తే కుటుంబం మర్యాదా నిలుస్తుంది, పత్రాలూ నిలుస్తాయి.

అంతవరకు అడగవలసింది చాలా చిన్నది: జాబితా. ఎవరు, ఎవరికి, ఏ తేదీన రాశారు, ఎన్ని పుటలు. అందులో ఒక్క ఆంతరంగికమైన మాట కూడా బయటపడదు. ఆ పెట్టెలు ఏళ్ల తరబడి గ్రంథాలయంలో ఉన్నాయి కాబట్టి అలాంటి జాబితా అక్కడ తయారై ఉండాలి. దాన్ని ప్రచురించమని సంస్థనూ, సరిచూసి ఒప్పుకొమ్మని కుటుంబాన్నీ ఒకేసారి అడగవచ్చు. దీనికి మీకు అభ్యంతరం ఉందా?

కృష్ణలంక (విజయవాడ):
జాబితాకు లేదు. ఎడ్వినా పేరు కింద తేదీలు మాత్రం వేయవద్దంటాను.