అప్‌డేట్: గొట్టంలోంచి బయటికి రాగానే ఎడమకి బొర్లుతున్న మడత రెక్కల మోడల్ విమానం, సమస్య తీరింది

మా మోడల్ ఎందుకు బొర్లుతోందని ఇక్కడ అడిగితే జవాబులు రాసినవాళ్లందరికీ థాంక్స్. తర్వాత ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుందని ముగింపు రాస్తున్నాను.

మాది స్విచ్‌బ్లేడ్ 300 (గొట్టంలోంచి వదిలే చిన్న అమెరికన్ డ్రోన్) తరహా: ముందొక జత, వెనకొక జత, స్ప్రింగులతో తెరుచుకునే రెక్కలు. స్లో మోషన్ వీడియో తీయమన్న సలహాతోనే అసలు సంగతి బయటపడింది. ముందు జతలో కుడి రెక్క ముందు తెరుచుకుంటోంది, ఎడమది వెనకబడుతోంది. వెనక్కి మడిచిన రెక్క గాలికి ఎదురుగా తిరగాలి కదా, ఇరుసు దగ్గర కాస్త బిగుతున్నా ఆ వైపు ఆలస్యమవుతుంది. ఆ కాసేపు లిఫ్ట్ (రెక్కని పైకెత్తే బలం) ఒకవైపే ఎక్కువగా ఉంటుంది, బొర్లడం ఖాయం.

పనిచేసింది గేర్ల సలహా. రెండు రెక్కల మొదళ్లకీ సమానమైన పళ్లున్న అర్ధగేర్లు పెట్టి ఒకదానికొకటి కలిపాం. ఇప్పుడు ఒకటి కదిలితే రెండోదీ అంతే కోణం తిరగాల్సిందే. చాలా తృప్తిగా ఉంది!

గట్టి స్ప్రింగ్ వేస్తే తేడా పోలేదు, రెక్క ఆగేచోట దెబ్బ మాత్రం పెరిగింది. బరువు కేంద్రం జరపమన్న సలహాకీ ఈ బొర్లడానికీ సంబంధం లేదు.

తెరుచుకున్నాక రెక్క వదులుగా ఊగడం వేరే సమస్య. లేత్ మేస్త్రీ లాక్ పిన్ను (తెరుచుకున్న రెక్కని కదలకుండా పట్టే పిన్ను) కొస సన్నగా వచ్చేలా ఏటవాలుగా తిప్పి ఇచ్చారు. అది రంధ్రంలో బిగుసుకుని ఊగడం ఆగింది.