అగ్రిమెంటు గడువు ముగిసినా రిజిస్ట్రేషన్ కాలేదు, ఏం చేయాలి?

ప్రశ్న:
నల్లగొండలో ఒక పాత ఇల్లు కొనేందుకు మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకొని ఐదు లక్షల రూపాయలు బయానా ఇచ్చాము. ఆ ఇల్లు అమ్మే ఆయన తండ్రి గారి స్వార్జితం. వారు వీలునామా రాయకుండానే చనిపోయారు. అమెరికాలో ఉంటున్న చెల్లెలి సంతకం కూడా కావాలని గడువు ముగిశాక ఇప్పుడు చెబుతున్నారు. ఇంకో రెండు లక్షలు ఇస్తే పని కదులుతుందని మధ్యవర్తి అంటున్నారు. మాకు మంజూరైన గృహరుణం గడువు కూడా దగ్గర పడుతున్నది. ఆగడమా, బయానా వెనక్కి అడగడమా?

దేవరకొండ నుంచి:
ఆ రెండు లక్షలు ఇవ్వకండి. పని ఆగినది సంతకం దగ్గర. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతురికీ, బతికి ఉంటే తల్లికీ కొడుకుతో సమాన వాటా ఉంటుంది కనుక, అన్న ఒక్కరే రిజిస్ట్రేషన్ చేస్తే మీకు దక్కేది ఆయన వాటా మాత్రమే. చెల్లెలు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారాన్ని వేరొకరికి ఇచ్చే పత్రం) పంపవచ్చు, కానీ ఈ ఇంటిని అమ్మే అధికారం అందులో స్పష్టంగా ఉండాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఈ సంగతి మరిచి దస్తావేజు ఆగాక తల పట్టుకునేవారే ఎక్కువ.

ప్రశ్న అడిగినవారు:
తల్లి గారు ఉన్నారు. అగ్రిమెంటులో ఆమె పేరు లేదు.

న్యాయవాది, మిర్యాలగూడ:
అలాగైతే తల్లి, చెల్లెలు ఇద్దరినీ చేర్చి గడువు పొడిగింపు పత్రం రాయించుకోండి. స్థిరాస్తి ఒప్పందం గడువు దాటినంత మాత్రాన సాధారణంగా రద్దు కాదు. అయితే అగ్రిమెంటులో తేదీ ఉంటే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆ తేదీ నుంచి మూడేళ్ల లోపు దావా వేయాలి కాబట్టి, నోటిమాట పొడిగింపులను నమ్ముకొని కాలం గడపడం ప్రమాదం. ఎప్పటిలోగా జీపీఏ రావాలో, రాకపోతే బయానా ఎన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలో అందులోనే ఉండాలి. మిగతా సొమ్ముతో మీరు సిద్ధంగా ఉన్నట్లు చూపే రుణ మంజూరు పత్రం, ఖాతా వివరాలు భద్రపరచండి. దావా వేస్తే కోర్టు ముందుగా చూసేది ఆ సంసిద్ధతనే. వారు సంతకానికి వెనుకాడితే, అప్పుడు నోటీసు ఇచ్చి బయానా అడగండి.

మహబూబ్‌నగర్ నుంచి:
ఇంకొక చిక్కు ఉన్నది. చెల్లెలు ప్రవాసి అయితే ఆమె వాటా సొమ్ములో ఆదాయపు పన్ను మినహాయించి కట్టవలసిన బాధ్యత కొనే మీదే. ఇక్కడ నివసించేవారికి వర్తించే ఒక శాతం రేటు గానీ, 50 లక్షల పరిమితి గానీ ఆమెకు వర్తించవు. రేటు చాలా ఎక్కువ. తక్కువ రేటుకు ఆమె ఆదాయపు పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవచ్చు కానీ దానికీ సమయం పడుతుంది కనుక, కొత్త గడువు పెట్టేటప్పుడు దానిని కూడా లెక్కలోకి తీసుకోండి. రిజిస్ట్రేషన్‌కు ముందు ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ధ్రువపత్రం) మళ్లీ తీయండి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు మరొకరితో రాసుకొని ఉంటే అది ఈసీలో కనబడదు కాబట్టి, ఇరుగుపొరుగు వారిని కూడా ఒకసారి విచారించడం మంచిది.