వెనక సీటు నొప్పి: సీటు మార్చాలా, బండే మార్చాలా?

నీలిట్యాంకు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాది లీటర్ క్లాస్ స్పోర్ట్ టూరర్, అంటే వేగానికీ దూరానికీ చేసిన సుమారు వెయ్యి సీసీ బైక్. ఇన్‌లైన్ ఫోర్ (ఒకే వరసలో నాలుగు సిలిండర్లు), చైన్ డ్రైవ్. పేరు చెప్పను, చెప్తే చర్చ కంపెనీల మీదికి పోతుంది. కొని రెండేళ్లు. ఒక్కడినే వెళ్తే రోజుకి 600 కిలోమీటర్లు సులువుగా లాగేస్తాను. మా ఆవిడతో వెళ్తే మాత్రం 150 దాటేసరికి భుజం మీద తట్టడం మొదలవుతుంది. ముందు తుంటి, తర్వాత మోకాళ్లు, సాయంత్రానికి మెడ. పోయిన ట్రిప్‌లో దిగాక రెండు నిమిషాలు బండి పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కాలు తీసి కాలు వేయలేక.
అడిగేది ఒక్కటే. వెనక సీటు మంచి ఫోమ్‌తో చేయించుకుంటే సరిపోతుందా, బండే మార్చి పెద్ద టూరర్‌కి వెళ్లాలా?

చినుకు:
సీటు చేయించండి. ఖర్చు తక్కువ, గొడవ తక్కువ.

మలుపులరాజా:
బ్రో, స్పోర్ట్ టూరర్‌లో స్పోర్టూ ముందు సీటుకే, టూరింగూ ముందు సీటుకే. వెనకది ఉందంటే ఉంది. జంటగా తిరగాలంటే హోండా వాళ్ల పెద్ద టూరర్ గోల్డ్ వింగ్ కొనుక్కోండి, వెనకాల సోఫా ఉంటుంది. ఇంజన్ మీద ఆశ చంపుకోలేకపోతే ఒక్కరే తిరగండి.

ప్రీలోడ్_పంతులు:
సీటు, సీటు అంటారు అందరూ. సీటు కింద ఏముందో ఎవరూ చూడరు. కొంచెం ఓపిగ్గా చదవండి.
ముందు కూర్చున్న మనిషి రెండు చక్రాలకీ మధ్యలో ఉంటాడు. గుంత వస్తే దెబ్బలో సగమే అతనికి తగులుతుంది. వెనక మనిషి దాదాపు వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. వెనక చక్రం ఎంత ఎగిరితే ఆమే అంత ఎగురుతుంది. పైగా గుంత మీకు కనపడుతుంది, ఆమెకి కనపడదు. మీరు పెగ్స్ (కాళ్లు పెట్టుకునే కడ్డీలు) మీద బరువు వేసి కాస్త లేస్తారు, ఆమె లేవలేదు.
ఇప్పుడు వెనక లోడ్ 60 కిలోలు అనుకుందాం. బండి ఒక్క మనిషికి సెట్ చేసి ఉంటే ఆ లోడ్‌కి వెనక షాక్ (షాక్ అబ్జార్బర్) బాగా కుంగిపోతుంది. మనుషులు ఎక్కాక షాక్ మొత్తం కదలికలో సుమారు మూడో వంతు కుంగాలి, మిగతాది గుంతలకి వదలాలి. అది లేకపోతే చిన్న గుంతకి కూడా షాక్ అడుగు తగిలి, ఆ దెబ్బ నేరుగా వెన్నెముకకి పోతుంది. ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచే సెట్టింగ్, పెంచితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు, కుంగిన బండి ఎత్తు తిరిగి వస్తుంది, అంతే. ప్రీలోడ్‌తో పాటు రీబౌండ్ (స్ప్రింగ్ తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే సెట్టింగ్) కూడా పెంచాలి, లేకపోతే నొక్కుకున్న స్ప్రింగ్ మనిషిని పైకి విసురుతుంది.
నీలిట్యాంకు గారూ, మీ ప్రీలోడ్ నాబ్ ఎన్ని క్లిక్స్ మీద ఉంది? ఇద్దరూ కూర్చున్నప్పుడు సాగ్, అంటే బండి ఎంత కుంగిందో, కొలిచారా? ఇది తేలకుండా సీటు గురించి మాట్లాడటం అనవసరం.

పాతకార్బురేటర్:
పంతులు గారితో నాకు ఎప్పుడూ ఉన్న తగాదానే. షాక్ బంగారంలా సెట్ చేసినా మోకాలు మడిచిన చోట మడిచినట్టే ఉంటుంది కదండీ. నీలిట్యాంకు గారూ, టేపు తీసుకుని వెనక సీటు అంచు నుంచి ఫుట్‌పెగ్ దాకా కొలవండి. తర్వాత మీ ఇంట్లో భోజనాల కుర్చీ ఎత్తు కొలవండి. ఆ తేడా చూస్తే మీ ఆవిడ మోకాళ్ల సంగతి మీకే తెలుస్తుంది. సన్న టెయిలు, పైకి లేచిన సీటు, సైలెన్సర్‌కి తగలకుండా ఎత్తులో పెట్టిన పెగ్స్, ఈ మూడూ కలిస్తే మనిషి గొంతుక్కూర్చున్నట్టే.
స్పోర్ట్ టూరర్ ఇద్దరికి కాదు అన్న రాజాకి ఒక మాట. 1976లో బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్ పూర్తి ఫెయిరింగ్‌తో (గాలిని అడ్డుకునే ముందు తొడుగుతో) వచ్చినప్పుడు ఈ జాతి మొదలైందంటారు. రెండేళ్లకే ఆర్100ఆర్‌టీ వచ్చింది, హ్యాండిల్ పైకి లేపి, ఫెయిరింగ్ పెద్దది చేసి. అంటే దూరం పోయేవాడికి ఏం కావాలో వాళ్లకి అప్పుడే తెలుసు. యమహా ఎఫ్‌జేఆర్1300, హోండా ఎస్‌టీ1300, కవాసాకి 1400జీటీఆర్, ఇవన్నీ ఇద్దరు మనుషుల్నీ రెండు పక్క పెట్టెల్నీ దృష్టిలో పెట్టుకుని చేసినవే. బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల కె1600లో జీటీ, జీటీఎల్ అని రెండు తీసుకొచ్చారు. ఇంజన్ అదే, ఫ్రేమూ అదే. జీటీఎల్‌లో కూర్చునే తీరు మార్చారు, వెనకాల టాప్ బాక్స్, వీపుకి ఆనుకోవడానికి మెత్త ఇచ్చారు. ఒక్క సస్పెన్షన్‌తో పోయేదైతే ఆ తంటా వాళ్లకెందుకు?

ప్రీలోడ్_పంతులు:
పెద్దాయనా, కె1600 దగ్గరికి పోతే అందులో ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ కూడా ఉందిగా. మొదట వచ్చినవాటిలో ఒక్కడివా, ఇద్దరా, సామానుందా అని బటన్ నొక్కి చెప్పాల్సి వచ్చేది. ఆ బటన్ ఎందుకు పెట్టారంటారు? నేను చెప్పిందే మీరూ చెప్తున్నారు, ఒప్పుకోవట్లేదంతే.
నీలిట్యాంకు గారూ, ప్రీలోడ్ ఎంత?

చినుకు:
టాప్ బాక్స్ పెట్టి ఆనుకోమనండి.

పాతకార్బురేటర్:
ఆనుకోవచ్చు, కానీ అందులో ఏం పెడుతున్నారో చూసుకోవాలి. చాలా టాప్ బాక్సులకి పరిమితి 10 కిలోలు దాటదు, మూత లోపల స్టిక్కర్ ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ బరువు వెనక ఇరుసుకి కూడా వెనక వేలాడుతుంది, ముందు చక్రం తేలికైపోతుంది. హెడ్‌లైటు చెట్లమీద పడుతుంటే అర్థం చేసుకోవాలి.

రెండోసీటు:
నమస్తే. పదకొండేళ్లుగా వెనక కూర్చుంటున్న మనిషిని. ఇంతవరకూ రాసినవాళ్లలో వెనక కూర్చునేవాళ్లు ఒక్కరూ లేరనిపించి రాస్తున్నాను.
ఫోమ్ మెత్తగా ఉంటే మొదటి గంట బాగుంటుంది, రెండో గంటకి అణిగిపోయి అడుగు తగులుతుంది. కాబట్టి చేయిస్తే కాస్త గట్టిగా, వెడల్పుగా చేయించండి. సీటు ముందుకి వాలి ఉంటే మాత్రం ఏ ఫోమూ పనికిరాదు, బ్రేక్ పడ్డ ప్రతిసారీ జారిపోయి మీ వీపుకి అంటుకుంటుంది. విండ్‌స్క్రీన్ పైకి లేపితే మీకు హాయి, చాలా బళ్లలో చెదిరిన గాలంతా వచ్చి వెనక మనిషి హెల్మెట్‌ని కొడుతుంది, ఎందుకంటే ఆవిడ మీకంటే ఎత్తులో ఉంటుంది. మెడనొప్పి అక్కడిది అయ్యుండొచ్చు. మీరిద్దరూ ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటారా?
ఇవి కాక నీలిట్యాంకు గారిని రెండు అడగాలి. ఎంతసేపటికోసారి ఆపుతారు? ఆవిడ భుజం తట్టాక ఎంతసేపటికి ఆపుతారు?

నీలిట్యాంకు:
మేడమ్, ఇయర్ ప్లగ్స్ నేను పెట్టుకుంటాను, ఆమెకి ఇవ్వలేదు. నిజంగా ఆ ఆలోచనే రాలేదు. పెట్రోలు కోసం ఆపుతాను, అంటే దాదాపు రెండున్నర గంటలకోసారి. తట్టాక వచ్చే బంకు దాకా వెళ్లి ఆపుతాను. ఎలాగూ ఆపాలి కదా అని.

రెండోసీటు:
వచ్చే బంకు ఎంత దూరంలో ఉంటుంది?

నీలిట్యాంకు:
ఒక్కోసారి 20 కిలోమీటర్లు. ఒక్కోసారి 60.

ప్రీలోడ్_పంతులు:
మేడమ్, ఆపడం విశ్రాంతి, పరిష్కారం కాదు. సెట్టింగ్ సరిగా ఉంటే రెండున్నర గంటలు పెద్ద విషయం కాదు. వెనక లోడ్ సరిగ్గా బ్యాలెన్స్ అయితే నొప్పి మొదలయ్యే సమయమే వెనక్కి జరుగుతుంది. దయచేసి టాపిక్‌ని భావోద్వేగాల వైపు తిప్పకండి.

రెండోసీటు:
మొదటి పోస్టు నుంచి చూస్తున్నాను, మనిషి అన్న చోట మీరు లోడ్ అంటున్నారు. బ్యాగూ లోడే, టాప్ బాక్సూ లోడే. తేడా ఏంటంటే బ్యాగు భుజం తట్టదు. 60 కిలోమీటర్లు భరించమని బ్యాగుకి చెప్పినట్టు మనిషికి చెప్పేస్తే ఎలా?

మలుపులరాజా:
మేడమ్, ఎక్కేటప్పుడు తెలియదా అది బైక్ అని? కంఫర్టే కావాలంటే కారుంది. 140 గుర్రాల బండి కొని గంటకోసారి టీ బ్రేక్ అంటే ఆ బండిని అవమానించినట్టే.

చినుకు:
గుర్రాలు కూడా నీళ్లు తాగుతాయి బ్రో.

పాతకార్బురేటర్:
రాజా, నీకు పెళ్లయిందా?

మలుపులరాజా:
దానికీ దీనికీ సంబంధం ఏంటి? ప్రతి చర్చలో ఇదే ఆయుధం తీస్తారు మీరు. నేను మా అక్కని వెనక ఎక్కించుకుని వెళ్లాను ఒకసారి, తనేం అనలేదు.

రెండోసీటు:
మళ్లీ ఎక్కిందా?

ప్రీలోడ్_పంతులు:
ఇలాగే ఎగతాళిగా నడిపిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నేను పన్నెండేళ్లుగా ఈ విషయం మీద పని చేస్తున్నాను. నా బండికి వెనక షాక్ మార్చాను, స్ప్రింగ్ మార్చాను, సీటు రెండుసార్లు చేయించాను, పెగ్స్ 30 మిల్లీమీటర్లు కిందికి దించే బ్రాకెట్లు వేశాను, వీపుకి మెత్త పెట్టాను. జంట ప్రయాణం గురించి నాకు పాఠాలు చెప్పక్కర్లేదు.

రెండోసీటు:
మీ బండి ఫోటోలు అన్నీ చూశాను పంతులు గారూ, మీరు కష్టపడి పెడతారు, నేను ఇష్టంగా చూస్తాను. రెండేళ్లుగా ఏ ఫోటోలో చూసినా అంత ఖర్చు పెట్టిన ఆ వెనక సీటు మీద ఒక బ్యాగు ఉంటుంది, దాని మీద హుక్కుల నెట్ బిగించి ఉంటుంది. మనిషి కనపడదు.

చినుకు:
అమ్మో.

పాతకార్బురేటర్:
మేడమ్, అది వ్యక్తిగతం. వద్దు.

రెండోసీటు:
క్షమించండి. నిజమే, అలా అనకూడదు. కానీ వెనక్కి తీసుకోలేను.

ప్రీలోడ్_పంతులు:
రాత్రి రాయకూడదని ఆగాను. ఇప్పుడు రాస్తున్నాను.
అవును, ఆమె ఇప్పుడు రైల్లో వస్తుంది. నేను బండి మీద వెళ్తాను, అక్కడ కలుస్తాం. చివరిసారి ఘాట్ రోడ్డు మీద వ్యూ పాయింట్ దగ్గర ఆపాను. దిగింది, హెల్మెట్ తీసింది, నా చేతిలో పెట్టి "నువ్వు బాగానే ఉన్నావు కదా, వెళ్లు" అంది. దారిలో పోతున్న బస్సు ఆపి ఎక్కింది. ఎందుకని నేను అడగలేదు. రీబౌండ్ రెండు క్లిక్స్ ఎక్కువైందేమో అనుకున్నాను. ఇంటికెళ్లి తగ్గించాను కూడా.

పాతకార్బురేటర్:
అన్నా, ఇప్పుడైనా అడగొచ్చు.

మలుపులరాజా:
సారీ పంతులు గారూ. అయినా నా మాట మీదే ఉంటాను. ఎవరి కోసం ఆ ట్రిప్? నడిపేవాడి కోసమైతే మలుపుల్లో నడపనివ్వాలి. ఇద్దరి కోసమైతే మలుపులు మర్చిపోవాలి. రెండూ కావాలనుకునేవాళ్లే ఈ బళ్లు కొని ఇక్కడికొచ్చి ఏడుస్తారు. ఇది మేడమ్ మీద కోపంతో అనట్లేదు.

రెండోసీటు:
రాజా, ఇన్ని పోస్టుల్లో సూటిగా మాట్లాడింది మీరే. నేను ఒప్పుకోను గానీ వాదన అక్కడుంది, ఫోమ్‌లో లేదు. మలుపులు నాకూ ఇష్టమే. మా ఆయన మలుపుకి ముందే గ్యాస్ మెల్లగా తగ్గించి, మెల్లగా తెరిస్తే నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కి తగలదు. తగిలితే ఆయన బాగా నడపలేదని అర్థం. క్విక్‌షిఫ్టర్ (క్లచ్ నొక్కకుండా గేర్ వేయనిచ్చే పరికరం) ఉంది కదా అని తక్కువ ఆర్‌పీఎమ్‌లో టకటకా గేర్లు వేసేవాళ్లకి వెనక నుంచి వినపడే టక్కుటక్కు శబ్దం అదే.

నీలిట్యాంకు:
నాలుగు రోజులుగా నేను రాయలేదు. కారణం ఉంది. మొదటి పోస్టులో ఒక సంగతి దాచాను. మా ఆవిడ ఇంక రానని చెప్పేసింది. సీటు చేయిస్తే వస్తుందేమోనని అడిగాను ఇక్కడ.
నిన్న ఫ్రెండ్‌ని నడపమని నా బండికే వెనక ఎక్కాను. నలభై నిమిషాలు. అతను నాలాగే నడుపుతాడు, అందుకే అతన్నే పిలిచాను. ఎదురుగా హెల్మెట్ వెనక భాగం, దాని మీద నేను అతికించిన స్టిక్కరు, అంతే కనపడింది. బ్రేక్ వేస్తాడని ముందే తెలిసే దారి లేదు. మొదటిసారి ముందుకి జారి అతని వీపుని గుద్దాను. రెండోసారి ట్యాంకు మీద చేతులు పెట్టి ఆపుకున్నాను, మణికట్లు మండాయి. పదిహేనో నిమిషానికి ఎడమ మోకాలు. ఇరవయ్యో నిమిషంలో భుజం తట్టాను. అతను బొటనవేలు చూపించి, గ్యాస్ పెంచాడు! బాగుంది అని తడుతున్నాను అనుకున్నాడట.
దిగాక ఇంటికెళ్లి ఆమెకి ఇది చెప్పాను. నవ్వలేదు. "ఇరవై నిమిషాలకే తట్టావా" అని మాత్రం అంది. ఇంటర్‌కామ్ ఆర్డర్ పెట్టాను. ఆపమంటే ఆ క్షణమే ఆపాలి, బంకు ఉన్నా లేకపోయినా, ఇది ఆమె షరతు. వస్తానని ఇంకా అనలేదు.

ప్రీలోడ్_పంతులు:
బాగా చేశారు. ఒక్కటి చెప్పండి. నిన్న మీరిద్దరూ ఎక్కినప్పుడు ప్రీలోడ్ ఎంత మీద ఉంది?

నీలిట్యాంకు:
ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. షోరూమ్ నుంచి తెచ్చినప్పుడు ఎక్కడుందో అక్కడే. రెండేళ్లలో ఆ నాబ్ ముట్టుకోలేదు.