కథా నిర్మాణం పాఠం: కొండ బొమ్మ వచ్చింది, కథ రాలేదు

ప్రశ్న (హైస్కూల్ తెలుగు టీచర్)

తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతాను. వీరేశలింగం గారి రాజశేఖర చరిత్రము కథ వారం రోజులు చెప్పి, కథా నిర్మాణం పాఠం చేశాను. బోర్డు మీద కొండ గీసి ప్రారంభం, సంఘర్షణ, పతాక సన్నివేశం, ముగింపు అని రాయించాను. పేపర్లు దిద్దుతుంటే మనసు చివుక్కుమంది. కొండ అందరూ చక్కగా గీశారు. రాజశేఖరుడు ఊరెందుకు విడిచాడో ఒక్కరూ రాయలేదు. ‘ఆ తర్వాత కాశీకి బయలుదేరారు’, అంతే. మీరంతా ఎలా చెబుతున్నారు?

జవాబు (రిటైర్డ్ తెలుగు మాస్టారు)

అమ్మా, ఆ కొండ నేనూ చాలా ఏళ్లు గీశాను. అది గుస్టాఫ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత 1863లో ఐదంకాల నాటకాల గురించి చెప్పిన లెక్క. ప్రతి నవలా అందులో ఇమడదు.

కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టండి. బట్టల క్లిప్పులు, చీటీలు చాలు. పొగడ్తలకు పొంగి రాజశేఖరుడు డబ్బు పోగొట్టుకోవడం ఒక చీటీ. బంగారం చేసిపెడతానన్న బైరాగి ఉన్న బంగారంతో ఉడాయించడం ఇంకొకటి. తర్వాత లేమి, ధవళేశ్వరం విడవడం, దారిలో దొంగలు. ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి వెళ్లాలంటే పిల్లవాడు ‘అందుకని’ అనగలగాలి. ‘ఆ తర్వాత’ మాత్రమే వస్తే మధ్యలో ఖాళీ వదలాలి.

మా క్లాసులో నేను బైరాగి చీటీ పీకేశాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, ‘బంగారం ఇంట్లోనే ఉంటే వీళ్లకింత ఇబ్బంది ఎందుకొస్తుంది మాస్టారూ?’ అంటూ వచ్చి, తర్వాతి చీటీలు తనే ఒక్కొక్కటిగా తీసేశాడు. పరీక్షల్లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటని పిల్లవాడు. ఆ రోజు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

జవాబు (ఖమ్మం నుంచి)

మాస్టారి పద్ధతి బాగుంది. తర్వాత బారిస్టర్ పార్వతీశం నవలతో కూడా చేయండి. ఓడలో జరిగే ఒక సంగతి తీసేసినా ప్రయాణం ఆగదు. అలాగని అది లోపం కాదు. అక్కడ తాడు పార్వతీశం అమాయకత్వమే, సంగతులన్నీ దానికే వేలాడుతుంటాయి. పిల్లలకు రెండు రకాలూ చూపించకపోతే అన్యాయం.

ఇంకో మాట. పాత నాటక శాస్త్రంలో ‘పతాక’ అంటే ఉపకథ. రామాయణంలో సుగ్రీవుడి కథ లాంటిది. అందుకే నేను క్లైమాక్స్‌కు ‘పరాకాష్ఠ’ అని చెబుతాను, పై తరగతులకు వెళ్లాక తికమక ఉండదు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న మాటే రాయించండి, పాపం మార్కులు పోతాయి.

ప్రశ్న అడిగిన టీచర్

మాస్టారూ, నిన్న తాడు కట్టాం. రాజశేఖరుడి కూతురు రుక్మిణి దగ్గర గొడవ మొదలైంది. దొంగల దాడిలో చనిపోయిందనుకుని ఇంటివాళ్లు వదిలి వెళ్తారు కదా, ఆమె బతికుందన్న చీటీ ఎక్కడ పెట్టాలి? బతికింది అక్కడే కాబట్టి అక్కడే అని సగం మంది, మనకు తెలిసేది తర్వాత కాబట్టి చివర్లో అని సగం మంది. బెల్ కొట్టినా ఎవరూ కదల్లేదు. చివరికి ఒక అమ్మాయి వచ్చి ఆ చీటీని దొంగల చీటీ పక్కనే తగిలించింది, అక్షరాలు గోడవైపు తిప్పి. ‘రాసినాయనకు తెలుసు టీచర్, మనకింకా తెలీదు’ అంది.

తాడు ఇంకా విప్పలేదు.