స్విచ్‌లోకి ఫర్మ్‌వేర్ ఎక్కింది అంటోంది, రీబూట్ చేస్తే మళ్లీ పాత వెర్షనే

కేబుల్_కష్టాలు:
24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్) ఒకటి నా చేతికి వచ్చింది. కమాండ్ లైన్ నాకు అంతగా అలవాటు లేదు, బ్రౌజర్‌లో ఐపీ కొట్టి వెబ్ పేజీ నుంచే అన్నీ చూసుకుంటున్నా. మెయింటెనెన్స్‌లోకి వెళ్లి కొత్త ఫర్మ్‌వేర్ (స్విచ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఫైల్ ఎంచుకుని అప్లై నొక్కితే బార్ 100 శాతం దాకా వెళ్లింది, కాసేపు అలాగే ఆగింది, తర్వాత ట్రాన్స్‌ఫర్ పూర్తయింది అని మెసేజ్ వచ్చింది. రీబూట్ చేసి లాగిన్ అయితే వెర్షన్ పాతదే. మళ్లీ చేసినా అదే తంతు.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఇదే మోడల్ మరో స్విచ్ నుంచి కాన్ఫిగ్ ఫైల్ (సెట్టింగ్‌లన్నీ ఉండే ఫైల్) దించుకుని, అందులో పేరు, ఐపీ మార్చి దీనికి ఎక్కిద్దామంటే ఫైల్ ఫార్మాట్ తప్పు అంటోంది. మార్చింది రెండు లైన్లే. ఎక్కడ చూడాలో చెప్పండి.

ట్రంక్_పోర్ట్:
మొదటిదానికి, మీ స్విచ్‌లో రెండు ఇమేజ్‌లు, అంటే ఫర్మ్‌వేర్ కాపీలు, ఉన్నాయేమో చూడండి. మేనేజ్డ్ స్విచ్‌లలో చాలావాటికి ఫ్లాష్ మెమరీలో ఫర్మ్‌వేర్ కోసం రెండు గదులు ఉంటాయి, ఒకదాంట్లోంచి స్విచ్ నడుస్తుంటుంది, రెండోది బ్యాకప్. నడుస్తున్నదాని మీద రాస్తే మధ్యలో కరెంటు పోయినప్పుడు స్విచ్ లేవదు కాబట్టి మీరు ఎక్కించిన ఫైల్ రెండో గదిలోకి వెళ్తుంది. అక్కడితో వెబ్ పేజీ తన పని అయిపోయింది అనుకుంటుంది. ఏ ఇమేజ్‌తో బూట్ అవ్వాలో మీరే చెప్పాలి. డ్యూయల్ ఇమేజ్ అనో, బూట్ ఇమేజ్ అనో విడిగా ఒక పేజీ ఉంటుంది, అందులో కొత్తదాన్ని యాక్టివ్‌గా పెట్టి, అప్లై చేసి, అప్పుడు రీబూట్ చేయండి. పైగా ఆ పేజీలోనే రెండు ఇమేజ్‌ల వెర్షన్ నంబర్లూ కనిపిస్తాయి, అసలు మీ ఫైల్ ఎక్కిందో లేదో అక్కడే తేలిపోతుంది.

రీబూట్‌కి ముందు రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగ్‌లు) సేవ్ చేశారా? వెబ్ పేజీలో అప్లై నొక్కితే మార్పు అమల్లోకి వస్తుంది గానీ చాలా మోడళ్లలో స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి, అంటే రీబూట్ అయ్యాక స్విచ్ చదువుకునేదాంట్లోకి, వెళ్లదు. సేవ్ వేరే బటన్. సేవ్ చేశాక ఆ కాన్ఫిగ్ కాపీ ఒకటి మీ కంప్యూటర్‌లోకి కూడా దించి పెట్టుకోండి.

ప్యాకెట్_పోరడు:
వెబ్ పేజీని నమ్ముకోవడం దేనికి బ్రో, టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే సింపుల్ పద్ధతి) సర్వర్ పెట్టుకో, గొడవ ఉండదు. బ్రౌజర్‌తో ఎక్కిస్తుంటే మధ్యలో సెషన్ టైమౌట్ అయి లాగిన్ పేజీకి తోసేస్తుంది, లోపల ఏం జరిగిందో దేవుడికే తెలియాలి.

ట్రంక్_పోర్ట్:
@ప్యాకెట్_పోరడు, సెషన్ టైమౌట్ మాట నిజమే, అందుకే పని మొదలుపెట్టే ముందు ఐడిల్ టైమౌట్ పెంచుకోవాలి. కానీ టీఎఫ్‌టీపీలో గొడవ ఉండదనడం మాత్రం ఒప్పుకోను. అది యూడీపీ (డేటా చేరిందో లేదో తను చూసుకోని ప్రోటోకాల్) మీద, పోర్ట్ 69తో మొదలవుతుంది, కంప్యూటర్‌లో ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటే ఊరికే టైమౌట్ అంటుంది తప్ప కారణం చెప్పదు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అనేవే లేవు. పైగా డిఫాల్ట్ బ్లాక్ 512 బైట్లు, బ్లాక్ నంబర్ 16 బిట్లు, అంటే పాత సర్వర్ అయితే 32 ఎంబీ దగ్గర చతికిలబడుతుంది. ఇప్పటి సర్వర్లు బ్లాక్ సైజు పెంచుకుంటాయి, లేదా నంబర్‌ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతాయి, కానీ రెండు వైపులా దానికి ఒప్పుకోవాలి. పది ఇరవై స్విచ్‌లకి స్క్రిప్టుతో ఎక్కించాలంటే టీఎఫ్‌టీపీయో ఎస్‌సీపీయో (ఎన్‌క్రిప్షన్‌తో ఫైళ్లు పంపే పద్ధతి) బాగుంటుంది. ఒక్క స్విచ్‌కి బ్రౌజర్ చాలు.

కేబుల్_కష్టాలు:
@ట్రంక్_పోర్ట్ అన్నా, డ్యూయల్ ఇమేజ్ పేజీ దొరికింది! రెండో గదిలో కొత్త వెర్షన్ నిక్షేపంగా కూర్చుని ఉంది. యాక్టివ్ చేసి రీబూట్ చేశా, ఇప్పుడు వెర్షన్ మారింది. కాన్ఫిగ్ ఫైల్ సంగతి మాత్రం ఇంకా అలాగే ఉంది. నోట్‌ప్యాడ్‌లోనే ఎడిట్ చేశా, వర్డ్‌లో కాదు.

సీరియల్_కన్సోల్:
నోట్‌ప్యాడ్ అయినా ఒకసారి అనుమానించాల్సిందే. రెండు విషయాలు చూడండి. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 విత్ బామ్ అని ఉంటే ఫైల్ మొదట్లో కంటికి కనిపించని 3 బైట్లు (బామ్ అనే గుర్తు) చేరతాయి. స్విచ్ మొదటి లైన్‌లో తన మోడల్, వెర్షన్ లాంటి హెడర్ కోసం చూస్తుంటే ఈ చెత్త తగిలి ఫైలే చెల్లదంటుంది. రెండోది లైన్ ముగింపు. స్విచ్ ఇచ్చిన ఫైల్‌లో లైన్ చివర ఎల్ఎఫ్ అనే ఒక్క గుర్తు మాత్రమే ఉండి, ఎడిటర్ దాన్ని సీఆర్ఎల్ఎఫ్ అనే రెండు గుర్తుల జంట చేస్తే కొన్ని స్విచ్‌లు మింగవు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిస్తే కింద కుడివైపు మూలన ఈ రెండూ రాసి ఉంటాయి, ఆ ఎడిటర్‌లోనే మార్చి సేవ్ చేయొచ్చు. ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇవి రెండూ సరిగానే ఉంటే అప్పుడు చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో చూసేందుకు అందులోని డేటా నుంచి లెక్కగట్టే సంఖ్య) చూడాలి. కొన్ని మోడళ్లు కాన్ఫిగ్ ఫైల్ చివర చెక్‌సమ్ రాస్తాయి, లోపల ఒక్క అక్షరం మారినా తిరస్కరిస్తాయి. అలాంటిదైతే చేత్తో మార్చడం కుదరదు, ఫైల్ ఉన్నదున్నట్టు ఎక్కించి పేరు, ఐపీ తర్వాత వెబ్ పేజీలో మార్చుకోవాలి. అలా చేసేప్పుడు ఈ స్విచ్‌ని నెట్‌వర్క్ నుంచి తీసి, ఒక్క ల్యాప్‌టాప్‌కే కలపండి, లేకపోతే ఒకే ఐపీతో రెండు స్విచ్‌లు తగులుకుంటాయి.

మెనూ కూడా చూసుకోండి. కొన్ని స్విచ్‌లలో డౌన్‌లోడ్ అంటే స్విచ్‌లోకి దించడం, అప్‌లోడ్ అంటే స్విచ్ నుంచి బయటికి పంపడం. ఫైల్ టైప్ దగ్గర ఫర్మ్‌వేర్ ఎంపికై ఉండగా కాన్ఫిగ్ ఫైల్ ఇచ్చినా ఇదే ఎర్రర్ వస్తుంది.

కేబుల్_కష్టాలు:
బామే అన్నా! తీసేసి పంపగానే తీసుకుంది. ఇంకో డౌట్, ఫర్మ్‌వేర్ రాస్తుండగా నిజంగానే కరెంటు పోతే ఏంటి పరిస్థితి?

సీరియల్_కన్సోల్:
డ్యూయల్ ఇమేజ్ ఉంది కాబట్టి పాతదానితో లేస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. ఒకే ఇమేజ్ ఉన్న స్విచ్ అయితే కన్సోల్ కేబుల్ (కంప్యూటర్‌ని స్విచ్ సీరియల్ పోర్టుకి కలిపేది) పెట్టి, బూట్‌లోడర్ (ఫర్మ్‌వేర్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్) నుంచి ఎక్స్‌మోడెమ్ అనే పాత ఫైల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతితో ఎక్కించాలి. 115200 స్పీడ్‌లో (సెకనుకి బిట్లు) 16 ఎంబీ ఫైల్‌కి దాదాపు 25 నిమిషాలు, 9600లోనే వదిలేస్తే 5 గంటల దగ్గర పడుతుంది. స్పీడ్ ముందే పెంచుకోండి.