"మీ ఓటు ఇప్పటికే పడిపోయింది" అంటే అక్కడికక్కడ ఏం అడగాలి?

గుంటూరు_టు_గచ్చిబౌలి:

2024 మే 13న ఏపీలో పోలింగ్ రోజు ఊరెళ్లాను. హైదరాబాద్ నుంచి ఆ వారం బస్సులు, రైళ్లు ఎలా ఉన్నాయో ఇక్కడ సగం మందికి తెలిసే ఉంటుంది. ఎండలో రెండు గంటలకు పైగా లైన్లో నిలబడ్డాక లోపల మొదటి టేబుల్ దగ్గర లిస్టు చూస్తున్నాయన "ఈ నంబరు ఓటు అయిపోయిందండీ" అన్నాడు. వేలు చూపించాను, ఇంకు లేదు. ఓటర్ కార్డు చూపించాను, లిస్టులో ఫొటో కూడా నాదే. పెద్ద ఆఫీసర్ లేచి వచ్చి "ఇప్పుడు మేమేం చేయలేం, వెనక జనం ఉన్నారు" అన్నారు. ఏజెంట్లు ముగ్గురు నలుగురు కూర్చుని ఉన్నారు, ఒక్కళ్లూ నోరు మెదపలేదు. మా అమ్మ ఓటు వేసి బయటికొచ్చింది, నేను వేయకుండానే వచ్చాను.

ఇప్పుడు మళ్లీ స్థానిక ఎన్నికల మాటలు మొదలయ్యాయి కాబట్టి అడుగుతున్నా. అలాంటప్పుడు నాకు అసలు ఏ హక్కు ఉంది? ఎవరిని ఏమని అడగాలి? మా నాన్నేమో "మెషీన్లు ఉన్నంత కాలం ఇంతే, బ్యాలెట్ రావాలి" అంటారు. నా ఓటు పోవడానికీ మెషీన్‌కీ సంబంధం ఏంటో నాకైతే అర్థం కాలేదు.

రిటైర్డ్_మాస్టారు:

అమ్మాయో అబ్బాయో తెలియదు గానీ, మీకు జరిగింది అన్యాయమే. నేను చాలా ఎన్నికల్లో పీవోగా, అంటే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశాను కాబట్టి అవతలి టేబుల్ వైపు నుంచి చెబుతాను.

"మేమేం చేయలేం" అనే మాట తప్పు. మీ పేరుతో ఇంకెవరో వేసేసి ఉంటే టెండర్డ్ ఓటు అని ఒకటుంది, ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49పి. పీవో నాలుగు ప్రశ్నలు అడిగి మీరు మీరేనని నమ్మకం కలిగితే మీకు కాగితం బ్యాలెట్ ఇవ్వాలి. మెషీన్ మీద కాదు, కాగితం మీదే ముద్ర వేస్తారు. 17బి అనే ఫారంలో మీ సంతకం తీసుకుంటారు, బ్యాలెట్‌ను వేరే కవరులో పెట్టి సీల్ చేస్తారు. ఆ కాగితాలు ప్రతి బూత్‌కీ పంపిణీ కేంద్రంలోనే సామగ్రితో పాటు ఇస్తారు. చాలామంది పీవోలు ఆ కట్ట విప్పకుండానే వెనక్కి అప్పగిస్తారు, అది వేరే సంగతి.

కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది, ఇది ఎవరూ అడగరు. మొదటి టేబుల్ దగ్గర ఉండే లిస్టులో ఓటేసిన వాళ్ల పేరు మీద గీత కొడతారు. రెండో టేబుల్ దగ్గర 17ఎ అనే రిజిస్టర్‌లో మీ క్రమసంఖ్య రాసి, సంతకమో వేలిముద్రో తీసుకుని, వేలికి ఇంకు పెడతారు. ఈ రెండూ వేర్వేరు చేతులు రాసేవి. కాబట్టి "17ఎలో నా నంబరు ఉందా, ఎదురుగా సంతకం ఎవరిది?" అని అడగండి. అక్కడ మీ నంబరు లేకపోతే మీ ఓటు ఎవరూ వేయలేదు, పక్క పేరు మీద కొట్టాల్సిన గీత మీ మీద పడిందంతే. పొద్దున ఏడింటి నుంచి తల ఎత్తకుండా గీతలు కొడుతుంటే, ఒకే ఇంటిపేరు పది మందికి ఉన్న ఊళ్లో అది మామూలే. అప్పుడు మీరు మెషీన్ మీదే దర్జాగా వేయొచ్చు. నంబరు ఉండి సంతకం వేరే వాళ్లదైతే అప్పుడు టెండర్డ్.

సీమ_బిడ్డ:

మాస్టారూ, మీరు చెప్పింది బానే ఉంది, కానీ ఆ టెండర్డ్ ఓటు లెక్కపెట్టరు కదా? కౌంటింగ్ రోజు ఆ కవరు తెరవను కూడా తెరవరు. మరి మనిషిని శాంతపరిచి ఇంటికి పంపడానికి తప్ప దేనికి పనికొస్తుంది?

రిటైర్డ్_మాస్టారు:

నిజమే, మామూలు లెక్కింపులో కలపరు. కోర్టు అడిగితేనే తెరుస్తారు. కానీ అలా తెరవాల్సిన పరిస్థితి రాదనుకోకండి. 2008లో రాజస్థాన్‌లో నాథ్‌ద్వారా సీట్లో సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. ముఖ్యమంత్రి రేసులో ఉన్న మనిషి. ఆ కేసులో టెండర్డ్ ఓట్ల గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కాగితాలు లేకపోయి ఉంటే అక్కడ వాదించడానికే ఏమీ ఉండేది కాదు. మీరు వెనక్కి తిరిగి వచ్చేస్తే మీకు జరిగిందానికి రికార్డే లేదు, లెక్కల ప్రకారం మీరు హాయిగా ఓటేసి ఇంటికెళ్లారు.

వైజాగ్_ఏజెంట్:

ఏజెంట్ల మీద పడ్డారు కాబట్టి ఒక ఏజెంటుగా చెప్పాలి. మొదటి పోలింగ్ ఆఫీసర్ పేరు గట్టిగా చదివేదే మా కోసం. వచ్చిన మనిషి ఆ మనిషి కాదనుకుంటే రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేయొచ్చు, పీవో అప్పుడే విచారించాలి. రెండు రూపాయలే, ఇప్పటికీ. కానీ మొత్తం రోజులో ఒక్క ఛాలెంజ్ కూడా రాని బూత్‌లే ఎక్కువ, ఎందుకంటే ఏజెంటుగా కూర్చోబెట్టేది వార్డులో జనాన్ని గుర్తుపట్టేవాడిని కాదు, పార్టీకి ఖాళీగా దొరికినవాడిని. మధ్యాహ్నం బిర్యానీ పొట్లం వచ్చాక ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో పట్టించుకునేవాడు ఉండడు. ఊళ్లలో ఇంకో రకం ఉంది, రెండు పార్టీల ఏజెంట్లూ మాట్లాడేసుకుని "నీ వాళ్లు రెండు, నా వాళ్లు రెండు" అని వదిలేయడం. మీ బూత్‌లో నలుగురూ నోరు మూసుకున్నారంటే నాకు అదే అనుమానం.

అదే రోజు రాత్రి మా బూత్‌లో పది దాటినా లైను ఉంది. ఆరింటికి గేటు వేసేస్తారు కానీ లోపల నిలబడ్డవాళ్లందరికీ చీటీలు ఇస్తారు, అదీ లైను చివరి నుంచి మొదలుపెట్టి, కొత్తవాళ్లు వెనక చేరకుండా. కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటి రెండింటి దాకా నడిచింది. తర్వాత వాట్సాప్‌లో "సాయంత్రం ఒక శాతం, తెల్లారేసరికి ఇంకో శాతం, మధ్యలో ఎవరు వేశారు" అని పోస్టులు. ఎవరు వేశారంటే మేం చూస్తుండగా మా ముందు నుంచి నడిచిన వాళ్లే వేశారు. పగలు రెండు గంటలకోసారి ఫోన్లో చెప్పేది ఉజ్జాయింపు, అసలు లెక్క 17సిలో, అంటే బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే ఫారంలో ఉంటుంది.

మల్కాజిగిరి_వాసి:

మీ అందరికీ కనీసం లిస్టులో పేరుంది. 2018 డిసెంబరు 7న తెలంగాణ ఎన్నికల్లో నా పేరే లేదు. కార్డు ఉంది, అంతకుముందు అదే స్కూల్లో ఓటేశాను, ఇల్లు మారలేదు. మా ఆయన పేరుంది, అత్తగారి పేరుంది, నాది లేదు. కార్డుంటే చాలనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు, కార్డు ఉన్నా లిస్టులో పేరు లేకపోతే ఎవరూ ఏం చేయలేరు, టెండర్డ్ కూడా రాదు. ఆ ఏడాది బ్యాడ్మింటన్ ప్లేయర్ గుత్తా జ్వాల పేరు కూడా లేదని ఆవిడ ట్వీట్ చేస్తే దేశమంతా తెలిసింది. చివరికి రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. సారీతో నా ఓటు తిరిగి రాలేదు కానీ, చెప్పారు, అదే గొప్ప.

తర్వాతి ఏడాది మొదట్లో ఏపీలో ఫారం 7 గోల. పేరు తీసేయమని పెట్టే దరఖాస్తులు లక్షల్లో పడ్డాయి, ఎవరి పేరు మీద పెట్టారో వాళ్లకే తెలియకుండా. నాకు మెషీన్ కంటే ఇది భయం. మెషీన్‌ను మార్చాలంటే బూత్‌కి రావాలి, పేరు తీసేయడానికి ఎక్కడి నుంచైనా ఒక దరఖాస్తు చాలు.

సీమ_బిడ్డ:

అక్కా, ఇంకో వైపు కూడా చెప్పాలి కదా. హైదరాబాద్‌లో ఒకటి, సొంతూళ్లో ఒకటి, రెండు ఓట్లున్న వాళ్లు మన చుట్టూ ఎంతమంది? 2023 నవంబరు 30న ఇక్కడ తెలంగాణ అసెంబ్లీకి వేసి, ఆర్నెల్లు తిరగకుండా ఊరెళ్లి ఏపీలో వేసినవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు, సెల్ఫీలు కూడా పెట్టారు. ఒక మనిషికి రెండు చోట్ల పేరుండటం చట్టం ఒప్పుకోదు. వాళ్లంతట వాళ్లు ఒకటి తీయించుకుంటే డూప్లికేట్ల ఏరివేత పేరుతో అసలు పేర్లు ఎగిరిపోవడం కొంచెమైనా తగ్గుతుంది.

మల్కాజిగిరి_వాసి:

ఏరివేత వద్దని నేననలేదే. తీసేసేముందు నాకు చెప్పమంటున్నా. బిహార్‌లో 2025లో లిస్టు మొత్తం తిరగరాసినప్పుడు దాదాపు 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేవు. ఎవరివి, ఎందుకు తీశారు అన్నది విడిగా ప్రకటించడానికి సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆర్డరు వేయాల్సి వచ్చింది. అడిగితే తప్ప చెప్పరా?

కోడింగ్_కాకినాడ:

నాన్నగారి మెషీన్ విషయం ఎవరూ ముట్టుకోవట్లేదు కాబట్టి నేను. అనుమానం గాల్లోంచి రాలేదు. 2010లో హైదరాబాద్ ఇంజినీర్ హరిప్రసాద్, ఇద్దరు విదేశీ నిపుణులతో కలిసి అసలు ఈవీఎం ఒకటి సంపాదించి దాన్ని ఎలా మార్చొచ్చో చూపించారు. బహుమతిగా అరెస్టు చేశారు. అయితే ఆయన చూపించిన దాంట్లో వీవీప్యాట్ (ఓటు ఏ గుర్తుకి పడిందో కాగితం స్లిప్పు మీద చూపించే యంత్రం) లేదు, మెషీన్ చేతికి చిక్కి విప్పే అవకాశం కావాలి. ఇప్పుడు స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో లాటరీ తీసి ఐదు వీవీప్యాట్‌ల స్లిప్పులు లెక్కపెట్టి మెషీన్‌తో పోలుస్తారు. ఆ ఐదు కూడా 2019లో చంద్రబాబు, ఇంకో ఇరవై పార్టీల నాయకులు సుప్రీంకోర్టుకు వెళ్లి సగం బూత్‌లు లెక్కపెట్టమంటే ఒకటి నుంచి పెరిగినవి. ఓడినప్పుడు మెషీన్, గెలిచినప్పుడు ప్రజాతీర్పు, మన దగ్గర ఏ పార్టీ తక్కువ తినలేదు.

2024 ఏప్రిల్ 26 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఏడు రోజుల్లో డబ్బు కట్టి సెగ్మెంట్‌కి ఐదు శాతం మెషీన్లు తనిఖీ చేయించుకోవచ్చు. ఒంగోలు అసెంబ్లీకి అలాగే అడిగారు కూడా. నా అసంతృప్తి ఎక్కడంటే, ఓటరుకి ఆ హక్కు లేదు, ఓడిన అభ్యర్థికే ఉంది. పైగా 2024 డిసెంబరులో నియమం 93 మార్చి సీసీటీవీ లాంటివి జనం అడిగి తీసుకునే దారి మూసేశారు. ఆ తర్వాతి ఏడాది, కేసు లేకపోతే 45 రోజుల తర్వాత వీడియో చెరిపేయొచ్చన్నారు. మాచర్ల పాల్వాయి గేటు బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టింది లోకానికి తెలిసిందే కెమెరా వల్ల. అలాంటిదాన్ని దాచుకోవడం ఎందుకు?

గుంటూరు_టు_గచ్చిబౌలి:

అందరికీ థాంక్స్. మాస్టారూ, 17ఎ మాట అసలు విననేలేదు, ఈసారి అదే అడుగుతా. కాకినాడ గారూ, స్లిప్పు మీద వేరే గుర్తు కనిపిస్తే అప్పుడు? మా పిన్ని అలా జరిగిందని ఊరంతా చెప్పింది కానీ బూత్‌లో ఎవరికీ చెప్పలేదట.

కోడింగ్_కాకినాడ:

దానికి 49ఎంఏ అనే నియమం ఉంది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, అప్పుడు పీవో, ఏజెంట్ల ముందు ఒక టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజమని తేలితే ఆ మెషీన్ మీద పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమైతే మీ మీద కేసు, జైలు దాకా ఉంది. అందుకే మీ పిన్ని లాంటి వాళ్లు బయటికొచ్చి అరుగు మీద చెప్తారు తప్ప లోపల చెప్పరు. ఏడు సెకన్లు చూసింది తప్పుగా చూశానేమో అన్న భయం ఎవరికైనా ఉంటుంది, ఆ నియమం మార్చాలి అంటాను నేను.

రిటైర్డ్_మాస్టారు:

బ్యాలెట్ కావాలన్న నాన్నగారికి చెప్పండి, పంచాయతీ ఎన్నికలు ఇప్పటికీ బ్యాలెట్‌తోనే జరుగుతున్నాయి. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలూ కాగితమే. అక్కడ ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవికి వేలంపాట పెడితే బ్యాలెట్ ఏం చేస్తుంది, ఈవీఎం ఏం చేస్తుంది? బాక్సులో నీళ్లు, సిరా పోసిన రోజులు కూడా ఆయన వయసు వాళ్లకి గుర్తుండే ఉంటాయి. ఇక నిజామాబాద్‌లో 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు పోటీకి దిగి 185 మంది అభ్యర్థులైనప్పుడు బూత్‌కి 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి నడిపారు. ఆ డ్యూటీ చేసిన మా సహోద్యోగి ఇప్పటికీ ఆ పేరెత్తితే చేతులు జోడిస్తాడు.

సీమ_బిడ్డ:

ఏజెంట్ అన్నా, ఆ 17సి మామూలు ఓటరు చూడొచ్చా?

వైజాగ్_ఏజెంట్:

పోలింగ్ అయ్యాక కాపీ ఇచ్చేది ఏజెంట్లకే. 2024లో వాటిని వెబ్‌సైట్‌లో పెట్టమని సుప్రీంకోర్టులో అడిగితే ఎన్నికల మధ్యలో ఆదేశం ఇవ్వలేమన్నారు. కాబట్టి మీ వీధి బూత్‌కి కూర్చునేది ఎవరో ముందే కనుక్కోండి. సంతకం పెట్టించుకుని కాపీ తీసుకోమనండి, రాత్రికి దాన్ని ఫొటో తీసి పంపమనండి. కౌంటింగ్ టేబుల్ దగ్గర కంట్రోల్ యూనిట్ (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే భాగం) చూపించే మొత్తం ఆ కాగితంతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ మెషీన్ పక్కన పెట్టించొచ్చు. చాలాసార్లు కారణం పొద్దున మాక్ పోల్‌లో, అంటే పోలింగ్‌కి ముందు మెషీన్‌ని పరీక్షించడానికి వేసిన యాభై ఓట్లు క్లియర్ చేయడం మర్చిపోవడమే. కానీ చేతిలో కాగితం లేని ఏజెంటు అది కూడా పట్టుకోలేడు. మా వాళ్లలో ఒకడు కాపీ తీసుకోకుండానే ఖాళీ కాగితం మీద సంతకాలు చేసి తొమ్మిదింటికే ఇంటికెళ్లాడు, మర్నాడు నా దగ్గరికొచ్చి రిగ్గింగ్ జరిగిందన్నాడు.